వంశావళిలో ఆడపడుచు



మాది ఆత్మకూరు. శ్రీశైలయాత్రకు పోవు పూర్వులు నల్లమల యెక్కుటకు ముందు విడిసిన యూరు. మా యింటి పాత కవిలెలో ఏడు తరముల పురుషుల పేర్లు వరుసగా వ్రాయబడి యున్నవి. ఈ యేడుగురి తల్లులెవరు? ఏ యింటినుండి వచ్చిరి? అని యొకనాడు వెదకితిని. మూడు తరములకు పైన ఒక్క స్త్రీ పేరైనను కవిలెలో కానరాలేదు.

మూడు తరములే నిలుచుటకు కారణము లేకపోలేదు. తర్పణమున తల్లిని, పితామహిని, ప్రపితామహిని పేరు పెట్టి తలతుము. కొడుకు కర్తయైననాడు పై పేరొకటి జారిపోవును. పెండ్లిలో ప్రవర చెప్పునప్పుడు వధువును ఫలానివారి ప్రపౌత్రి, పౌత్రి, పుత్రి యని పురుషుల పేళ్లతోనే చెప్పుదురు. పెండ్లితో ఇంటిపేరును మారును. ఇట్లు పుట్టినింటి పుస్తకములో ఆమె లేదు. మెట్టినింటి పుస్తకములో మూడు తరములు దాటిన పిమ్మట లేదు.

ఇందువలన నష్టమేమని మీరడుగవచ్చును. దానికి సమాధానముగా గోదావరీతీరపు ఇల్లాలొకతె చరిత్ర చెప్పెదను.

డొక్కా సీతమ్మగారి పేరు మీరందరు వినియుందురు. ఆమె 1841లో, అనగా ప్లవ సంవత్సరమున, మండపేటలో పుట్టినది. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచే తండ్రిని ఊరివారు బువ్వన్న యని పిలిచెడివారు. లంకల గన్నవరపు డొక్కా జోగన్నగారు పండితసభనుండి మరలుచు, మధ్యాహ్నవేళ మండపేటలో బువ్వన్నగారి యింట భోజనము చేసిరనియు, ఆనాడు సీతమ్మగారు చేసిన ఆదరణ చూచియే ఆమెను వివాహమాడిరనియు చెప్పుదురు. గన్నవరము ఏటిపాయల నడుమ లంకసీమ. రేవులు దాటి అలసివచ్చిన బాటసారులకు ఆ యిల్లు వేళగాని వేళనైనను అన్నము పెట్టినది. ఆమె 1909లో కాలధర్మము నొందినది. 2000లో గన్నవరమువద్ద వైనతేయనదిపై కట్టిన కొత్త అక్విడక్టునకును, 2024లో రాష్ట్రప్రభుత్వపు బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే పెట్టిరి.

ఇప్పుడు చూడుడు. ఈమెను డొక్కావారి వంశవృక్షములో మాత్రమే వ్రాసినచో, ఆ యన్నదానము జోగన్నగారి గడపలోనే పుట్టినట్లు తోచును. నిజమునకు దాని మొలక మండపేటలో, బువ్వన్నగారి వంటయింట నున్నది. ఆ నడవడిని అక్కడినుండి గన్నవరమునకు తెచ్చినది కూతురు. పొలము కొడుకు వెంట నిలుచును. ఇంటి పద్ధతి కూతురు వెంట కదలును. పురుషులనే లెక్కించు వంశావళికి పొలము చిక్కును గాని పద్ధతి చిక్కదు.

ఈ మాట మా యింటనే నాకు రుజువైనది. శివరాత్రి యాత్రికులకు మా యరుగుమీద చలివేంద్రము పెట్టుట తరములనుండి వచ్చుచున్నది. దానిని మా ముత్తాతగారి తండ్రి పెట్టెననియే మేమందరము చెప్పుకొనుచుంటిమి. ఒకనాడు మా మేనత్త నడిగితిని. “కాదు నాయనా! ధాత కరువునాటికి మా ముత్తవ్వ ఈ యింటికి కొత్తకోడలు. వాండ్ల నాయన బాటమీద పోయేవాండ్లకు అంబలి పోసేవాడంట. కరువు తీరినాక ఆ అలవాటునే ఆమె ఈడ కుండ పెట్టించింది” అన్నది.

“ఆమె పేరేమత్తా?” అంటిని.

మేనత్త నవ్వి, “నా పేరే. ఆమె పేరే గదా నాకు పెట్టింది!” అన్నది.

నేను కవిలెలో వెదకిన పేరును పుట్టిననాటినుండి రోజును పిలుచుచునే యుంటిని!

కావున పెద్దలారా, నా మనవి యిది. మీ యిండ్ల ముసలివారిని ఇప్పుడే అడుగుడు. మనుమరాలికి ఎవరి పేరు పెట్టిరో అడుగుడు. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను నాటి పట్టాలు, పాలుపంపకముల కాగితములు విప్పి చూడుడు. భర్త గతించిన స్త్రీ హక్కుదారైనచోట ఆమె పేరు దొరకవచ్చును. అవ్వలు ఇంగ్లీషు సంవత్సరములు చెప్పకపోయినను కరువులు చెప్పుదురు. ధాత యనిన 1876–77. అయితే అరువదేండ్లకొకసారి అదే పేరు మరల వచ్చును గనుక, 1936–37తో పొరబడక, తరములు లెక్కించి నిశ్చయించుకొనుడు. ప్రతి కోడలి పేరుప్రక్కను ఆమె పుట్టినూరు, తండ్రి యింటిపేరు, తల్లి పేరు, ఆమె మీ యింటికి తెచ్చిన మంచి యొకటి వ్రాయుడు.

మా కవిలెలో ఆ నాలుగవ తరపు గడిని నేను పూరించితిని. మా మేనత్తకు తొంబదేండ్లు. నేను అడుగుట ఒక్క యేడు ఆలస్యమైనను ఆ గడి యట్లే యుండిపోయెడిదేమో. మీ గడి వట్టిగా మిగులకుండు గాక. సెలవు.