దంత ఫ్లోరోసిస్: తెలుగునాట పిల్లల పళ్ల చరిత్ర

తాగే నీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించితే, చిగుళ్ల లోపల ఇంకా తయారవుతున్న పళ్ల ఎనామిల్ దెబ్బతింటుంది. దీన్నే దంత ఫ్లోరోసిస్ అంటారు. ఇది బాల్యంలోనే పట్టే జబ్బు. జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాల ఎనామిల్ దాదాపు ఎనిమిదేళ్ల వయసులోపే రూపుకడుతుంది. ఆ ఏళ్లలో తాగిన నీళ్లు ఏం చేశాయో పన్ను బయటికి వచ్చాక గానీ తెలియదు. తేలికపాటిదైతే సుద్ద మచ్చలు. ముదిరితే ముందుపళ్లకు అడ్డంగా పసుపు, గోధుమ చారలు, చిన్న చిన్న గుంటలు. కుడిపక్క పన్ను మీద చార ఎక్కడుంటే, ఎడమపక్క జోడీ పన్ను మీదా ఇంచుమించు అక్కడే ఉంటుంది.

ఊళ్లలో వీటిని గారపళ్లు అనేస్తారు. గార వేరు. అది చిగురు అంచున పేరుకుంటుంది, డాక్టరు గీకితే పోతుంది. ఈ చార ఎనామిల్‌లోనే ఉంటుంది. పళ్లు సరిగా తోముకోవని తిట్లు తిని, బొగ్గుతోనో ఇటుక పొడితోనో రుద్దుకునే పిల్లలు మిగిలిన ఎనామిల్‌నూ అరగదీసుకుంటారు. తప్పు పిల్లలది కాదు, నీళ్లది.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో ఈ గోధుమ మచ్చల వెంటపడ్డాడు. కారణం ఫ్లోరైడ్ అని తేలడానికి 1931 దాకా పట్టింది. అదే ఫ్లోరైడ్ కొద్ది మోతాదులో పిప్పిపళ్లను అడ్డుకుంటుందని ఆ తర్వాతి పరిశోధనల్లో బయటపడింది.

తెలుగునాట మొదట పట్టుబడింది పశువుల్లో. 1930ల నడుమ హైదరాబాద్ సంస్థానంలోను, మద్రాసు ప్రెసిడెన్సీలోను పశువుల్లో ఈ జబ్బును గుర్తించారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నాటి నెల్లూరు జిల్లా ప్రజల్లోని ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో వివరించారు. దేశంలో మనుషుల ఫ్లోరోసిస్‌పై వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పటినుంచే ఈ జబ్బుకు చిరునామా అయ్యాయి.

నల్లగొండ పేరు 1955లో సిద్దిఖీ వ్యాసంతో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఎక్కింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో నమోదు చేశారు. చార పంటితో ఆగలేదు, ఎముక దాకా పోయింది. 1975 నాటికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. బకెట్టులోనూ చేసుకోగల పని. కానీ రోజూ కొలిచి, కలిపి, తేరనిచ్చి, మడ్డిని పారబోసే ఓపిక ఇల్లాలిదే కావాలి.

మంచినీళ్ల కోసం 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంతైంది, పోలింగ్ వాయిదా పడింది. 'ఫ్లోరిన్ నీళ్లు' అన్న మాట దేశానికి వినపడింది అప్పుడే. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో నిలబెట్టారు. తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నాకు చేరాయని 2020లో కేంద్రం ప్రకటించింది.

వచ్చిన చార మాత్రం దానంతట అది పోదు. పైపొరను సన్నగా అరగదీయడం, బ్లీచింగ్, కాంపోజిట్ పూత, వెనీర్లు ఉన్నాయి. అన్నీ రంగును కప్పేవో తగ్గించేవో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పదిహేనేళ్ల పిల్లకు అదీ చిన్న సాయం కాదు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం; వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. మూడేళ్లలోపు పిల్లలకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత చాలు, మింగనివ్వకూడదు. ఇంట్లో పసిపిల్లలుండి బోరునీళ్లు తాగుతుంటే, పళ్లు వచ్చేదాకా ఆగకండి. ఈ నెలలోనే ఆ నీళ్లు పరీక్ష చేయించండి.