ఓటుకు ముందు చందా

2024 నవంబర్ 23న మహారాష్ట్రలోని నాందేడ్ లోక్‌సభ ఉప ఎన్నిక ఓట్లు లెక్కిస్తే కాంగ్రెస్ అభ్యర్థి రవీంద్ర చవాన్‌కు 5,86,788, భాజపా అభ్యర్థి సంతుక్‌రావ్ హంబర్డేకు 5,85,331 వచ్చాయి. తేడా 1,457. ఇద్దరికీ పడిన ఓట్లలో వెయ్యికి ఒకటిన్నర కూడా కాదు. ఆ ఎన్నికతో పాటే జరిగిన అసెంబ్లీ పోరులో ఆ పరిధిలోని ఆరు సీట్లనూ భాజపా ఉన్న మహాయుతి కూటమి గెలుచుకుంది.

బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి ఈ నియోజకవర్గంలోదే. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న ఈ ప్రాంతంలో మరాఠీతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఇంత హోరాహోరీ పోటీలో కరపత్రాలకూ, జీపు డీజిలుకూ, బూత్ దగ్గర కూర్చునే కార్యకర్త భోజనానికీ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలన్న ప్రశ్న మాత్రం తొలి ఎన్నికల నాటిది.

హాలీ రూపాయల కాలం

1952 నాటికి కుండల్‌వాడి హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. సంతలో రెండు నాణేలు చెల్లేవి. ఒకటి నిజాం హాలీ సిక్కా, రెండోది భారత ప్రభుత్వ కల్దార్. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. అసెంబ్లీ అభ్యర్థి 250 రూపాయల ధరావతు కట్టాలి. హాలీలో లెక్కిస్తే 290 దాటుతుంది. షెడ్యూల్డ్ కులాల వారికి అందులో సగం. కూలినాలి చేసుకునే ఇంటి నుంచి వచ్చినవాడికి ఆ సగమైనా నలుగురు తలో చెయ్యి వేస్తేనే పోగయ్యేది.

అలా తలో చెయ్యి వేయడం తెలంగాణకు అప్పటికే అలవాటు. 1940లలో ఆంధ్రమహాసభ సభ్యత్వ రుసుమును అణాకు దించాక రైతులు, కూలీలు అందులోకి పోటెత్తారు. అణా ఇచ్చినవాడు సభకు ప్రేక్షకుడిగా కాక హక్కుదారుగా వచ్చాడు. ఆ బలమే 1952లో కనిపించింది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరుతో పోటీచేసినవారు 175 స్థానాల అసెంబ్లీలో 42 గెలిచారు. కాంగ్రెస్‌కు 93 వచ్చాయి. కరీంనగర్ నుంచి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ లోక్‌సభకు వెళ్లారు.

1988 అలహాబాద్ ఉప ఎన్నికలో బీఎస్పీ నేత కాన్షీరామ్ ఈ సూత్రాన్నే నినాదంగా మార్చారు: ఒక ఓటు, ఒక నోటు. ఆయన ఓడిపోయారు. కానీ రూపాయి ఇచ్చిన పేదవాడు ఓటు అమ్ముకోడన్న ఆయన నమ్మకం ఓడలేదు.

తెలుపు, గులాబీ, పసుపు

తొలి ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి చాలా రాష్ట్రాల్లో 25,000 రూపాయలు. ఇప్పుడు పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. పార్టీ ఖర్చుకు మాత్రం హద్దే లేదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లలో ఒక్కోటి కోటి రూపాయల దాకా ఉండేది, ఇచ్చినవారి పేరు ఓటరుకు తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది.

అభ్యర్థి లెక్కకు మాత్రం కచ్చితమైన పద్ధతి ఉంది. ఎన్నికల సంఘం ఇచ్చే ఖర్చుల పుస్తకంలో తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల మీద నగదు, పసుపు కాగితాల మీద బ్యాంకు లెక్క రాయాలి. ప్రచారంలోనే పరిశీలకులు దాన్ని మూడుసార్లు చూస్తారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో తుది లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివారిని మూడేళ్లపాటు పోటీకి అనర్హులుగా ప్రకటించవచ్చు.

ఒకప్పుడు డబ్బు ఊరి నుంచి నాయకుడి దగ్గరికి నడిచేది. ఇప్పుడు పోలింగ్ ముందు రాత్రి నాయకుడి నుంచి ఊరికి నడుస్తోంది. పుచ్చుకున్న చెయ్యి ఐదేళ్లు నిలదీయలేదు. ఇచ్చిన చెయ్యి అడగగలదు. వెయ్యిమందిలో ఒక్కరు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారయ్యే చోట ఆ అడిగే హక్కు ఇంకా విలువైనది.

అందుకే మీకు నచ్చిన అభ్యర్థికి వంద రూపాయలైనా సరే ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. ఎన్నికలయ్యాక ఆ వంద ఎక్కడ ఖర్చయిందో చూడండి. అభ్యర్థి దాఖలు చేసిన లెక్కలను ఎవరైనా పరిశీలించవచ్చని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. దానికి కట్టాల్సిన రుసుము ఒక్క రూపాయి.