శిలను చూపుటయు, శిలను చదివించుటయు



నల్లగొండ, మహబూబునగరు సీమలు రాళ్ల సీమలని ప్రసిద్ధి. ఆ రాళ్లలో పలుకనేర్చినవి అనేకములు కలవు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయము, కొలనుపాక జైనప్రతిమలు, అలంపురపు నవబ్రహ్మాలయములు, ఫణిగిరి బౌద్ధస్తూపము ఇందుకు సాక్షులు. ఇట్టివానిని గూర్చి ప్రజలకు బోధించుటకై ధనమెవ్వ రిచ్చిరి? అది యెట్లు ఫలించినది? ఈ కాలపు డిజిటల్ విద్యకు దానినుండి మనము గ్రహింపదగిన దేమి? ఇదియే నేటి ప్రసంగవిషయము.

నైజాము రాజ్యమున 1914లో పురావస్తుశాఖ యేర్పడెను. గులాం యజ్దానీగారు దానికి తొలి అధికారి. 1930లో హైదరాబాదున ప్రభుత్వ ప్రదర్శనశాల వెలసెను. 1940 దశకపు తొలినాళ్లలో ఆ శాఖవారే ఫణిగిరి గుట్టను త్రవ్వించిరి. ఇదంతయు ప్రభుత్వధనముతో జరిగిన పని.

ప్రజల పూనికతో జరిగిన పనియు నొకటి కలదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి పేర వెలసిన పరిశోధకమండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటమును ప్రకటించెను. రెండవ సంపుటము 1960లో అలంపుర వాస్తవ్యులు గడియారం రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున వెలువడెను.

శాసనమునకు ప్రతి యెత్తు విధము పెద్దలలో కొందరు చూచియుందురు. శిలను శుభ్రముగా కడిగి, తడికాగితమును దానిపై పరచి, కుంచెతో కొట్టి అక్షరపు గుంటలలోనికి దింపుదురు. పిమ్మట సిరా అద్దుదురు. గుంటలలోని కాగితమునకు సిరా అంటదు గనుక నల్లని నేలపై తెల్లని అక్షరములు తేలును. కాని ఆ కాగితము చదువరాని వానికి నల్లకాగితమే. పండితుడు కూర్చుండి, లిపిని విడదీసి, నేటి తెలుగు అక్షరములలో వ్రాసి అచ్చు వేయించిన పిమ్మటనే అది చదువరులకు చరిత్ర యైనది. ప్రతి యెత్తుట సగము పని. చదివి చెప్పుట తక్కిన సగము.

ఇప్పుడు సిరాకు బదులు యంత్రము వచ్చినది. భారతప్రభుత్వమువారు పూనా సీడాక్ సంస్థ నిర్మించిన ‘జతన్’ అను సాధనముతో ప్రదర్శనశాలల వస్తువులకు ఛాయాచిత్రములు, వివరములు చేర్చి, 2014లో ఇంటర్నెట్టున నొక జాతీయకోశమును తెరచిరి. అందు సాలార్‌జంగు ప్రదర్శనశాలయు, కృష్ణకు ఆవలిగట్టున మునిగిన లోయనుండి తీసిన శిల్పములు గల నాగార్జునకొండ ప్రదర్శనశాలయు చేరినవి. పడవయెక్కి దీవికి పోజాలని పిల్లవాడు ఆ శిల్పమును ఇంటనే చూడగలుగుట సామాన్యమైన మేలు కాదు.

ఈ పనులకు ధనమార్గములు మూడు గలవు. ప్రదర్శనశాలల అభివృద్ధికి కేంద్రప్రభుత్వ మిచ్చు సహాయము మొదటిది. వస్తువులను డిజిటల్ రూపమునకు తెచ్చుటయు అందులో చేరును. దాతల సొమ్ము స్వీకరించుటకై 1996లో నెలకొల్పిన జాతీయ సంస్కృతినిధి రెండవది. 2013 నాటి కంపెనీల చట్టము మూడవది. దానినిబట్టి పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులు ప్రజాహితమునకు వెచ్చింపవలెను. వారసత్వరక్షణయు అట్టి కార్యములలో నొకటిగా చట్టమున చెప్పబడినది.

ధనమునకు మార్గమున్నది, చిక్కు దాని వినియోగమున నున్నది. యంత్రము కొన్నచో లెక్కకు కనబడును, ఛాయాచిత్రములు తీసినచో సంఖ్య చెప్పవచ్చును. ఒక ఉపాధ్యాయునికి బ్రాహ్మీలిపి నాలుగక్షరములు నేర్పినచో అది యే పద్దున వ్రాయుదురు? కావుననే దాతలు మొదటి సగమునకు ముందుకు వత్తురు. రెండవ సగమును మరతురు.

ఫణిగిరిని చూడుడు. ఈ గ్రామము 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, పిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరినది. అచ్చటి శిల్పములు కొన్ని హైదరాబాదు చేరినవి. 2023లో ఫణిగిరి తోరణశిల్పము న్యూయార్కులోని మెట్రొపాలిటన్ ప్రదర్శనశాలలో నిలిచి దేశదేశముల వారిచే చూడబడినది. మన కది గర్వకారణమే. కాని ఆ గుట్టనీడన పెరుగు బాలునికి ఆ తోరణముపై సిద్ధార్థుని కథ చెక్కబడియున్నదని తెలియకున్నచో ఆ గర్వ మెవ్వరిది? రాయి ఊరు విడిచి పోయినను దాని కథ ఊరిలో నిలువవలెను.

సెల్లుఫోను ఇంటింట నున్నది, పిల్లలే చూచుకొందురని కొందరందురు. పంచాంగము ఇంటనున్నంతమాత్రమున తిథి తెలియునా? చూచు విధము నేర్పువాడు కావలెను.

కావున పెద్దలారా, మీ మండలమునకు ఇట్టి నిధి వచ్చినప్పుడు మూడు మాటలు అడుగుడు. ప్రతి చిత్రముక్రింద తెలిసినవారు వ్రాసిన తెలుగు వివరణ యున్నదా? దానిని బోధించు ఉపాధ్యాయునికి శిక్షణయు, పిల్లలు ఏడాదికొకసారి అసలు శిలను చూచివచ్చుటకు బస్సు కూలియు ఆ నిధిలో చేర్చిరా? ఆ చిత్రములు, వివరణలు మన బడిలోను ఒక ప్రతిగా నుండునా? యంత్రము ఒకమారు కొన్న చాలును. బోధకు ఏటేట వ్యయము కావలెను. ఆ యేటి వ్యయమును వ్రాయని పద్దుకు సమ్మతింపకుడు.