డిజిటల్ ఆటలతో ఇంగ్లీషు బోధన

కంప్యూటర్, మొబైల్ ఫోన్, ట్యాబ్ వంటి పరికరాల్లో నడిచే ఆటలు, యాప్‌లు, అభ్యాస సాఫ్ట్‌వేర్‌ల ద్వారా ఇంగ్లీషు నేర్పే పద్ధతిని డిజిటల్ ఆటలతో ఇంగ్లీషు బోధన అంటారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలతో పాటు వాటికి ఆధారమైన పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ కూడా దీని పరిధిలోకి వస్తాయి. 1960ల్లో అమెరికాలో మొదలైన కంప్యూటర్ ఆధారిత బోధన దీనికి మూలం. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇది విశ్వవిద్యాలయాల ల్యాబ్‌లు దాటి ఇళ్లలోకి చేరింది. ఇంట్లోనూ వీధిలోనూ ఇంగ్లీషు వినపడని పిల్లలకు ఈ సాధనాలు ఎంతవరకు పనికొస్తాయో తేల్చడానికి భారతదేశంలో 2000 తర్వాత ముఖ్యమైన ప్రయోగాలు జరిగాయి. లాభం ఉందని వాటిలో తేలింది. అయితే అది పిల్లలందరికీ సమానంగా అందదని, ఆటను రూపొందించిన తీరును బట్టి, టీచరు పాత్రను బట్టి మారుతుందని కూడా తేలింది.

చరిత్ర

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ నాయకత్వంలో మొదలైన ప్లేటో వ్యవస్థ కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి. ఒక పెద్ద కంప్యూటర్‌కు అనేక టెర్మినళ్లు కలిపి, విద్యార్థి జవాబు కొట్టగానే తప్పొప్పులు చెప్పే ఏర్పాటు అందులో ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో భాషా పాఠాలు కూడా ఇందులో చేరాయి. అవి ఎక్కువగా ఒకే రకం వాక్యాలను పదేపదే సాధన చేయించేవి.

1980ల్లో చిన్న కంప్యూటర్లు బడులకు చేరాక ఆట స్వభావం ఉన్న ప్రోగ్రాములు వచ్చాయి. బ్రిటన్‌లో జాన్ హిగ్గిన్స్ రూపొందించిన స్టోరీబోర్డ్‌లో ఒక పేరా మొత్తం ఖాళీలుగా కనిపిస్తుంది. విద్యార్థి ఒక్కో పదాన్ని ఊహించి కొడుతూ పేరాను తిరిగి నిర్మించాలి. బ్రోడర్‌బండ్ సంస్థ 1985లో విడుదల చేసిన ‘వేర్ ఇన్ ది వరల్డ్ ఈజ్ కార్మెన్ శాండియెగో’ దొంగను వెతుకుతూ భూగోళం నేర్చుకునేందుకు తయారైన ఆట. ఆధారాలు చదివి అర్థం చేసుకుంటేనే దొంగ దొరుకుతుంది కాబట్టి ఇంగ్లీషు టీచర్లు కూడా దాన్ని తరగతిలోకి తెచ్చుకున్నారు. 1990ల చివర్లో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం తయారుచేసిన హాట్ పొటేటోస్ వల్ల ప్రోగ్రామింగ్ తెలియని టీచర్లు కూడా సొంతంగా గళ్లనుడికట్లు, ఖాళీల పూరణలు, తారుమారు వాక్యాల అభ్యాసాలు తయారు చేసుకోగలిగారు.

ఈ పరిణామాన్ని పరిశోధకుడు మార్క్ వార్షావర్ మూడు దశలుగా విభజించాడు. మొదటిది యాంత్రిక సాధన, రెండోది భాషను సంభాషణ కోసం వాడించడం, మూడోది ఇంటర్నెట్, దృశ్యం, శబ్దం అన్నీ కలిసిన సమగ్ర వాడకం. వీడియో ఆటల నిర్మాణంలోనే మంచి అభ్యసన సూత్రాలు ఇమిడి ఉన్నాయని భాషావేత్త జేమ్స్ పాల్ జీ 2003లో రాసిన పుస్తకం ఈ రంగానికి సిద్ధాంత బలం ఇచ్చింది.

2007లో పదాల చీటీలతో సాధన చేయించే క్విజ్‌లెట్, 2012లో భాషలు నేర్పే డుయోలింగో, 2013లో నార్వే నుంచి కహూట్ సాధారణ ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. గ్వాటెమాలాలో పుట్టిన లూయిస్ వాన్ ఆన్, స్విట్జర్లాండ్‌కు చెందిన సెవెరిన్ హాకర్ కలిసి డుయోలింగోను స్థాపించారు. తరగతి అంతా ఒకేసారి ఫోన్లలో జవాబులు నొక్కి పోటీ పడే క్విజ్ పద్ధతికి కహూట్ ప్రాచుర్యం తెచ్చింది.

పనిచేసే తీరు

భాషా ఆటల వెనుక ప్రధానంగా నాలుగు సూత్రాలు ఉంటాయి. మొదటిది వెంటనే స్పందించడం. నలభై మంది ఉన్న తరగతిలో ఒక విద్యార్థి చేసిన తప్పు టీచరు కంట పడేసరికి రోజులు గడవవచ్చు. యాప్‌లో అది ఆ క్షణంలోనే తెలుస్తుంది.

రెండోది విరామమిచ్చి గుర్తు చేయడం. నేర్చుకున్నది ఎంత వేగంగా మరచిపోతామో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపాడు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన చీటీల పెట్టె పద్ధతిలో తెలిసిన పదం ఆలస్యంగా, తెలియని పదం త్వరగా మళ్లీ ముందుకొస్తుంది. అంకి వంటి సాఫ్ట్‌వేర్‌లు ఈ లెక్కను ఒక్కో పదానికి విడివిడిగా వేస్తాయి.

మూడోది భయం తగ్గించడం. ఆందోళన, సిగ్గు భాష ఒంటబట్టడానికి అడ్డుపడతాయని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ ప్రతిపాదించాడు. నలుగురిలో తప్పు మాట్లాడితే నవ్వుతారని వెనక్కి తగ్గే పిల్లలు యంత్రం ముందు పదిసార్లయినా ప్రయత్నిస్తారు. నాలుగోది స్థాయికి తగిన కష్టం. ముందు జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న సులువుగానో కఠినంగానో మారుతుంది.

ఆటలన్నీ ఒక రకం కావు. సరైన పదం నొక్కితే బుడగ పగిలే ఆటలో బుడగకు, భాషకు సంబంధం లేదు. అది రంగులద్దిన పరీక్ష మాత్రమే. దీనికి భిన్నంగా, ఇద్దరు ఆటగాళ్లకు చెరి సగం పటం ఇచ్చి, ఒకరికి కనిపించేది ఇంకొకరికి చెప్పుకుంటేనే దారి దొరికేలా చేస్తే, భాషే ఆటలో ఎత్తుగడ అవుతుంది. మొదటి రకం పదాలు, స్పెల్లింగు గట్టిపరచడానికి పనికొస్తుంది. మాట్లాడే అలవాటు కావాలంటే రెండో రకం అవసరం.

నైపుణ్యాల వారీగా సాధనాలు

పదజాలం: ఎక్కువ సాధనాలు ఉన్న విభాగం ఇదే. బొమ్మకు పదం జతచేయడం, అక్షరాలు పేర్చడం, జ్ఞాపకశక్తి ఆటలు ఇందులోకి వస్తాయి. 2007లో మొదలైన ఫ్రీరైస్ అనే వెబ్‌సైటులో పదానికి సరైన అర్థం గుర్తిస్తే కొన్ని బియ్యపు గింజల విలువ దానంగా జమ అవుతుంది. తర్వాత దాన్ని ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం నిర్వహిస్తోంది.

చదవడం: గూగుల్ 2019 మార్చిలో భారతదేశంలో ‘బోలో’ పేరుతో హిందీ, ఇంగ్లీషు కథలు చదివించే యాప్ విడుదల చేసింది. మరుసటి ఏడాది ‘రీడ్ అలాంగ్’గా పేరు మార్చింది. తెలుగుతో సహా మరికొన్ని భాషలు కూడా అందులో చేరాయి. పిల్లలు గట్టిగా చదువుతుంటే దియా అనే బొమ్మ పాత్ర విని, తడబడిన పదాన్ని పలికి చూపుతుంది. ధ్వనికి, అక్షరానికి ఉన్న సంబంధం నేర్పే గ్రాఫోగేమ్ ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టింది.

ఉచ్చారణ: మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇక్కడ కీలకం. తెలుగు మాట్లాడేవారికి కొన్ని ఇబ్బందులు ప్రత్యేకంగా ఉంటాయి. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లుతో ముగిసే ఇంగ్లీషు పదాలకు చివర ఉకారం వచ్చి చేరుతుంది. వెస్ట్ అని తెలుగులో ఒకేలా రాసే రెండు ఇంగ్లీషు పదాల్లో (west, vest) మొదటి ధ్వనులు వేరు, మన వకారం మాత్రం ఒక్కటే. పదంలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్నది ఇంకో చిక్కు. ఇటువంటి భేదాలను పక్కపక్కనే వినిపించి గుర్తించమనే ఆటలు ఉపయోగపడతాయి. అయితే మాటను గుర్తించే యంత్రం చుట్టుపక్కల పదాలను బట్టి కూడా ఊహిస్తుంది. వాక్యంలో తప్పుగా పలికిన పదాన్ని సైతం అది సరిచేసి రాయవచ్చు. కాబట్టి తెర మీద సరైన పదం కనిపించినంత మాత్రాన ఉచ్చారణ సరిగా ఉన్నట్టు కాదు.

వ్యాకరణం, రచన: తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్తకు, కర్మకు మధ్య నిలుస్తుంది. మన విభక్తులు నామవాచకం తర్వాత చేరితే అక్కడ ఆ పని చేసే పదాలు ముందు వస్తాయి. ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్స్‌కు తెలుగులో సమానమైనవి లేవు. చెల్లాచెదురుగా ఉన్న పదాలను వరుసలో పేర్చే ఆటలు మొదటి రెండు ఇబ్బందులకు బాగా సరిపోతాయి. ఆర్టికల్స్ మాత్రం సందర్భంలో చదివితే తప్ప పట్టుబడవు.

భారతదేశంలో ప్రయోగాలు

హైదరాబాద్‌లో పిల్లలతో జరిగిన ఉచ్చారణ ప్రయోగాన్ని సుగత మిత్ర, జేమ్స్ టూలీ, పరిమళ ఇనాందార్, పాలీన్ డిక్సన్ 2003లో ప్రచురించారు. పిల్లలు గుంపులుగా కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంగ్లీషు నేర్పే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాటను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం వాడుకున్నారు. తాము చెప్పింది యంత్రానికి అర్థమయ్యేదాకా ప్రయత్నించడమే వాళ్ల పని. తగిన పరికరాలు, వనరులు ఉంటే పిల్లలు ఒకరినొకరు చూసుకుంటూ ఉచ్చారణ మెరుగుపరచుకోగలరని పరిశోధకులు తేల్చారు.

ఒక్క కంప్యూటర్ చుట్టూ పది మంది చేరి, మౌస్ మాత్రం ఒకరి చేతిలోనే ఉండటం మన బడుల్లో మామూలే. దీనికి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా మల్టీమౌస్ అనే పరిష్కారం రూపొందించింది. ఒకే తెర మీద ఐదుగురు ఐదు మౌస్‌లతో, రంగు రంగుల బాణం గుర్తులతో ఆడవచ్చు. గ్రామీణ ప్రాంతంలోని 238 మంది పిల్లలపై ఇంగ్లీషు పదాలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఐదుగురు పంచుకున్నా, కంప్యూటర్ ఒక్కరికే ఇచ్చినప్పుడు నేర్చినన్ని పదాలు దాదాపుగా నేర్చుకున్నారు. పోటీగా ఆడించినప్పుడు, కలిసి ఆడించినప్పుడు మగపిల్లల ఫలితాల్లో తేడా కనిపించగా, ఆడపిల్లలు అన్ని పద్ధతుల్లోనూ ఒకే తీరుగా నేర్చుకున్నారు. ఆట నియమంలో చిన్న మార్పు చదువు ఫలితాన్ని పెద్దగా మార్చగలదని ఈ అధ్యయనం చూపింది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ కామ్ 2004లో మొదలుపెట్టిన మిల్లీ ప్రాజెక్టు సెల్‌ఫోన్ ఆటలతో గ్రామీణ పిల్లలకు ఇంగ్లీషు నేర్పింది. పాశ్చాత్య వీడియో గేముల పద్ధతిలో తయారైన తొలి ఆటలు పల్లె పిల్లలకు సహజంగా అనిపించలేదు. దాంతో పరిశోధకులు గ్రామాల్లో పిల్లలు ఆడుకునే సంప్రదాయ ఆటల నియమాలను, గెలుపోటముల పద్ధతిని పరిశీలించి, వాటి ఆధారంగా ఫోన్ ఆటలను మళ్లీ రూపొందించారు. ఒక గ్రామంలో బడి వేళల తర్వాత ఒక సెమిస్టరు పాటు నడిపిన కార్యక్రమంలో పిల్లలందరిలోనూ మెరుగుదల కనిపించింది. కానీ ముందే కాస్త చదువు పునాది ఉన్నవారు ఎక్కువ లాభపడ్డారు. 2010లో వెలువడిన మరో అధ్యయనంలో పెద్దల పర్యవేక్షణ లేకుండా 26 వారాల పాటు పిల్లలకు ఫోన్లు ఇచ్చి చూశారు. స్వచ్ఛందంగానే ఆడి చెప్పుకోదగినంత నేర్చుకున్నారని అందులో తేలింది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యాసంస్థ మహారాష్ట్రలో అమలు చేసిన పిక్‌టాక్ కార్యక్రమాన్ని పరిశోధకులు ఫాంగ్ హే, లీ లిండెన్, మార్గరెట్ మెక్‌లౌడ్ పరిశీలించారు. బొమ్మను తాకితే దాని ఇంగ్లీషు పేరు వినిపించే యంత్రం ఒక పద్ధతి. టీచరు ఆడించే ఆటలు మరో పద్ధతి. సగటున రెండూ మంచి ఫలితమే ఇచ్చాయి. విడిగా చూస్తే, వెనుకబడిన పిల్లలకు టీచరు ఆడించే పద్ధతి, ముందున్న పిల్లలకు తమ వేగంతో సాగే యంత్రం ఎక్కువ ఉపయోగపడ్డాయి. మిల్లీ ఫలితంతో ఇది సరిపోలుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా ప్రారంభమైంది. ఇంగ్లీషు టీచర్ల శిక్షణలో దేశంలో దీనిది ముఖ్య స్థానం. జేఎన్‌టీయూ బీటెక్ పాఠ్యక్రమంలో ఇంగ్లీషు భాషా, సంభాషణ నైపుణ్యాల ల్యాబ్ ఉంది. అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాఫ్ట్‌వేర్‌తో వినే, పలికే సాధన ఒక భాగం. బృందచర్చలు, పాత్రల సంభాషణలు మరో భాగం. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన చాలామందికి ఇంగ్లీషులో నోరు విప్పే తొలి చోటు ఈ ల్యాబే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమం వైపు మళ్లే క్రమంలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. 2022 డిసెంబరులో 4.5 లక్షల మందికి పైగా 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఆ రాష్ట్ర ప్రభుత్వ టీశాట్ టీవీ ఛానళ్లు పాఠాలు ప్రసారం చేస్తున్నాయి. కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్షా వేదిక ద్వారా పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పాఠం చూడవచ్చు. ఇవన్నీ ప్రధానంగా పాఠాన్ని చేరవేసే సాధనాలు. విద్యార్థి చేత మాట్లాడించే ఆటలకు వీటిలో చోటు తక్కువ. డుయోలింగోలో తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్చుకునే కోర్సు ఉంది.

పరిమితులు

ఆసక్తి కలిగించడం వేరు, నేర్పడం వేరు. ఇంగ్లండ్‌లో గ్రాఫోగేమ్‌కు చెందిన రైమ్ అనే రూపంపై జరిగిన పెద్ద పరీక్షలో, మామూలు అదనపు బోధన పొందిన పిల్లల కంటే ఆట ఆడినవారు మెరుగ్గా చదువుతున్నట్టు తేలలేదు. పాయింట్లు, పతకాలు, వరుస రోజుల లెక్క పిల్లలను యాప్‌కు కట్టిపడేస్తాయి. అయితే తేలికైన పాఠాన్నే మళ్లీ మళ్లీ ఆడి పాయింట్లు పోగు చేసుకునే అలవాటు కూడా వాటితోనే వస్తుంది. ఉచిత యాప్‌లలో ప్రకటనలు, పిల్లల గొంతు, వివరాల గోప్యత మరో సమస్య. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళుతుందన్నది కుటుంబాన్ని బట్టి ఉంటుంది.

అందుకే తరగతిలో సాధారణంగా ఆటకు ముందు కొత్త పదాల పరిచయం, ఆట తర్వాత తప్పులపై చర్చ, చివర ఫోన్ పక్కనపెట్టి అదే భాషను మనుషులతో వాడించడం అనే క్రమం పాటిస్తారు. కంప్యూటర్లు తక్కువగా ఉన్నచోట జట్లుగా విడగొట్టి ఒక్క ప్రొజెక్టర్‌తోనూ ఆడిస్తారు.

2022 చివరి నుంచి కృత్రిమ మేధ చాట్‌బాట్లు సంభాషణ సాధనకు కొత్త అవకాశం ఇచ్చాయి. డుయోలింగో 2023లో ఇటువంటి పాత్రధారణ సంభాషణలను తన ఖరీదైన చందాలో చేర్చింది. ఏ సమయంలోనైనా విసుగు లేకుండా మాట్లాడే తోడు దొరకడం మంచిదే. కానీ ఆ సంభాషణ అందుకోవడానికి కొంత ఇంగ్లీషు ముందే వచ్చి ఉండాలి. పిక్‌టాక్, మిల్లీ ఫలితాల ప్రకారం చూస్తే, అసలు మొదటి మెట్టు దగ్గరే ఆగిన విద్యార్థికి ఈ కొత్త సాధనంతోనూ టీచరు అవసరం తగ్గదు.