కోలారు గని, కార్న్‌వాల్ లెక్క

1902 జూన్ 30న కావేరి జలపాతం కోలారు బంగారు గనులకు పనిచేయడం మొదలుపెట్టింది. శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి గనుల దాకా 147 కిలోమీటర్ల తీగ. ఆనాటికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ పట్టుదల, ఇంజనీరు జోలీ డి లాట్‌బినియర్ పథకం దాని వెనుక ఉన్నాయి. కరెంటు గనికి చేరేసరికి అయ్యర్ లేరు. 1901 సెప్టెంబరులోనే కన్నుమూశారు. బెంగళూరు వీధి దీపాలకు ఆ కరెంటు 1905లో గానీ అందలేదు. ముందు బంగారం, తరువాతే నగరం!

ఆ కేంద్రం మీద ఇంటర్ విద్యార్థికి మంచి లెక్క ఇవ్వొచ్చు. 120 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటితో 4,000 హార్స్‌పవర్ తీయాలంటే సెకనుకు ఎంత నీరు కావాలి? ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి కావలసిన సామర్థ్యం దాదాపు 30 లక్షల వాట్లు. ఒక్కో కిలో నీరు పడుతూ ఇచ్చేది 9.8 × 120, అంటే 1,176 జౌళ్లు. భాగిస్తే సెకనుకు సుమారు 2,540 కిలోలు, అంటే రెండున్నర ఘనపు మీటర్లు. నష్టాలేమీ లేవనుకుంటేనే ఈ జవాబు.

పుస్తకాల్లో ఈ లెక్కలు చూసి గెలీలియో, న్యూటన్‌ల దగ్గర పుట్టాయనుకుంటాం. నిజానికి వీటి పురిటిల్లు గని. 1712లో న్యూకమెన్ ఆవిరి యంత్రం ఇంగ్లండులో ఒక బొగ్గు గని నుంచి నీరు తోడింది. అదే దేశంలోని కార్న్‌వాల్ రాగి, తగరం గనుల్లో బొగ్గు దొరికేది కాదు, కొని తేవాల్సి వచ్చేది. అందుకే జేమ్స్ వాట్, బౌల్టన్‌లు తమ కొత్త ఆవిరి యంత్రం వల్ల మిగిలిన బొగ్గు ఖర్చులో మూడో వంతు రుసుముగా అడిగారు. మరి మిగులును కొలవడమెలా? ఒక బుషెల్ బొగ్గుతో ఎన్ని పౌన్ల నీరు ఒక అడుగు పైకి లేచిందో చూశారు. 1811లో జోయెల్ లీన్ ఆ అంకెలను నెలనెలా అచ్చువేయించడం మొదలుపెట్టాడు. బలాన్ని దూరంతో గుణించడం పాఠంగా మారకముందే బేరంగా సాగింది. ఫ్రాన్స్‌లో కోరియోలిస్ 1829లో ఆ గుణకారానికి 'పని' అని పేరు పెట్టి శాస్త్రంలో కూర్చోబెట్టాడు.

సామర్థ్యం కథ వేరు. యజమాని బొగ్గుకు డబ్బు కట్టేది జరిగిన పనిని బట్టి. యంత్రం ఎంత పెద్దది కొనాలో తేల్చేది మాత్రం ఆ పని జరగాల్సిన వేగం. గుర్రాలకు అలవాటుపడిన కొనుగోలుదారుకు అర్థమవ్వాలని వాట్ నిమిషానికి 33,000 అడుగు-పౌన్లను ఒక హార్స్‌పవర్ అన్నాడు. 1882లో విలియం సీమెన్స్ సామర్థ్యపు ప్రమాణానికి వాట్ పేరే పెట్టమన్నాడు.

ఆ కార్న్‌వాల్ వారసత్వం నేరుగా తెలుగు ఊళ్లున్న కోలారు జిల్లాకు చేరింది. 1880లో ఇక్కడ అడుగుపెట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ మూలపురుషుడు జాన్ టేలర్, కార్న్‌వాల్‌లో కన్సాలిడేటెడ్ మైన్స్ నడిపినవాడే. గని పనిలో ఆరితేరిన కార్నిష్‌వాళ్లు కూడా వెంట వచ్చారు. కోలారులోని ఛాంపియన్ రీఫ్ గని లోతు చివరికి మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతులో ఖనిజాన్ని పైకి లాగే ఇనుప తాడు బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక ఊహా షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, తీసుకుందాం. లోతు 1,000 మీటర్లు, తాడు మీటరుకు 5 కిలోలు, ఖనిజం 4 టన్నులు, వేగం సెకనుకు 10 మీటర్లు. తాళ్లు చుట్టుకునే డ్రమ్ముకు రెండు తాళ్లు, ఒక్కోదాని చివర స్కిప్పు అనే ఖనిజపు తొట్టి. ఒక స్కిప్పు ఎక్కుతుంటే ఖాళీది దిగుతుంది, వాటి బరువులు చెల్లుకు చెల్లు. మొత్తం పని 4,000 × 9.8 × 1,000, అంటే 3.92 కోట్ల జౌళ్లు. తాళ్ల ఊసే లేదు, ఎందుకంటే ఒకటి తిన్న శక్తిని రెండోది తిరిగిస్తుంది. ఇక్కడితో ఆపేస్తే మార్కులొస్తాయేమో గానీ మోటారు కాలిపోతుంది. మొదట్లో కింద వేలాడే తాడు 5 టన్నులు, ఖనిజం 4 టన్నులు కలిసి 882 కిలోవాట్లు అడుగుతాయి. చివర్లో దిగిన తాడు బరువు ఖనిజాన్ని మించిపోతుంది. సామర్థ్యం రుణాత్మకమై 98 కిలోవాట్లను బ్రేకు పట్టాలి. సగటు 392. ఈ ఊగిసలాటను తగ్గించడానికే గని ఇంజనీర్లు శంకువు ఆకారపు డ్రమ్ములు చేయించారు, స్కిప్పుల అడుగున తోక తాళ్లు కట్టారు. సమస్యలో పట్టు ఉన్నది ఇక్కడే. పని ఒక అంకె, సామర్థ్యం క్షణక్షణం మారే గీత.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పంపులు ఆగాయి, నీరు పైకి ఊరింది. 20 చదరపు మీటర్ల అడ్డుకోత, 1,000 మీటర్ల లోతున్న నిండు షాఫ్టును తోడాలంటే నీటి బరువును సగం లోతుతో గుణించాలి. జవాబు సుమారు 27,000 యూనిట్ల కరెంటు. లోతు మూడింతలైతే ఖర్చు తొమ్మిదింతలు. పక్క సొరంగాల్లో నిలిచిన నీరు, తోడుతుండగా కొత్తగా ఊరే నీరు ఈ లెక్కలో లేవు.