గ్రంథసంఖ్య – దాని పుట్టుపూర్వోత్తరములు

విజయనగరమునకు సమీపమున నున్న రామతీర్థము ప్రాచీన క్షేత్రము. అచ్చట రామస్వామి ఆలయమే గాక, కొండలపై బౌద్ధ, జైన శిథిలములును కలవు. ఆ యూరివారెవరో క్షేత్రచరిత్ర వ్రాసి, సొంత ఖర్చుతో ఐదువందల ప్రతులు అచ్చువేయించి, “రామతీర్థ చరిత్ర” అని పేరు పెట్టినారనుకొందము. ఎక్కడో దూరమున నున్న పుస్తక విక్రేత ఆ పేరు విని, లాహోరులో గణితము బోధించి పిమ్మట సన్యసించిన స్వామి రామతీర్థ (1873–1906) జీవితచరిత్రను పంపినచో తప్పు ఎవరిది? పేరు ఒక్కటే గ్రంథమును గుర్తింపజాలదు.

రచయిత పేరు చేర్చినను ఒక్కొక్కప్పుడు చాలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదట 1897లోను, పెక్కు మార్పులతో 1909లోను వెలువడినది. పేరు ఒకటే, కర్త ఒకరే. నాటకములు మాత్రము ఇంచుమించు రెండు.

మన దేశమున 1867 నాటి చట్టము అచ్చయిన ప్రతి పుస్తకమునకు పేరు, భాష, కర్త, ముద్రాపకుడు, పుటలు, ప్రతుల సంఖ్య, వెల మున్నగు వివరములను ప్రభుత్వ పట్టికలో నమోదు చేయవలెనని విధించెను. చరిత్రకారులకు ఆ పట్టికలు నేటికిని పెన్నిధులు. కాని అవి పాలకుల అవసరమునకు ఏర్పడినవి; అంగడివానికి పనికివచ్చునవి కావు. 2024లో ఆ చట్టము స్థానమున వచ్చిన క్రొత్త చట్టము పత్రికలకే పరిమితము.

అంగడి అవసరమే గ్రంథసంఖ్యకు జన్మనిచ్చినది. 1965 ప్రాంతమున ఇంగ్లండులోని డబ్ల్యు.హెచ్. స్మిత్ అను పుస్తక వ్యాపార సంస్థ తన గిడ్డంగి లెక్కలను కంప్యూటరుకు అప్పగింపదలచెను. యంత్రమునకు పేర్లకంటె అంకెలు సులభము గదా! గణాంకశాస్త్రజ్ఞుడైన గోర్డన్ ఫాస్టర్ తొమ్మిది అంకెల పద్ధతిని రూపొందించెను. 1970లో అది పది అంకెలతో అంతర్జాతీయ ప్రమాణమైనది. 2007 జనవరి 1 నుండి పదమూడు అంకెలైనది. దీనినే ఐ.ఎస్.బి.ఎన్. అందురు.

ఇందులో ముందున్న 978 గాని 979 గాని పుస్తకమని తెలుపును. తరువాతి భాగము దేశమును లేక భాషా ప్రాంతమును సూచించును. 978 తరువాత 81, 93 భారతదేశమునకు చెందినవి. పిమ్మట ప్రచురణకర్త సంఖ్య, గ్రంథము సంఖ్య వచ్చును. చివరి అంకె కాపలాదారు. 978030640615 అను పన్నెండు అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున హెచ్చించి కూడినచో 93 వచ్చును. దానిని పదిచేత భాగింపబడునట్లు చేయుటకు 7 కావలెను. అదియే పదమూడవ అంకె. ఏదేని ఒక్క అంకె తప్పు వ్రాసినచో మొత్తము పదిచేత నిశ్శేషముగా భాగింపబడదు, దోషము బయటపడును. అయితే ఈ కాపలాదారు కన్నును కప్పవచ్చును. పై సంఖ్యలో ప్రక్కప్రక్కన నున్న 6, 1 తారుమారైనచో మొత్తము 100కు బదులు 90 అగును; తప్పు దొరకదు. పదకొండుచేత భాగించి చూచు పూర్వపు పది అంకెల పద్ధతి ఇట్టి తారుమారును పట్టగలిగెడిది.

భారతదేశమున ఈ సంఖ్యలను 1985లో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ జాతీయ సంస్థ, ఢిల్లీ నుండి, ఉచితముగా ఇచ్చుచున్నది. 2016 నుండి దరఖాస్తులు ఇంటర్నెట్ ద్వారా జరుగుచున్నవి. ప్రచురణ సంస్థలే కాక, తన పుస్తకమును తానే ప్రచురించుకొను రచయితయు గుర్తింపు పత్రము, గ్రంథ వివరములు సమర్పించి పొందవచ్చును. అతడు కొన్ని నియమములు మరువరాదు. గట్టి అట్ట ప్రతికి, మామూలు అట్ట ప్రతికి, ఎలక్ట్రానిక్ ప్రతికి వేర్వేరు సంఖ్యలుండవలెను. మార్పులేని పునర్ముద్రణకు పాత సంఖ్యయే చెల్లును. విషయము మారిన క్రొత్త కూర్పునకు క్రొత్తది కావలెను. ఒక పుస్తకమునకు వాడిన సంఖ్యను మరియొకదానికి ఎన్నడును వాడరాదు. ఇతరుల పేర నున్న సంఖ్యను ముద్రించుకొన్నచో ప్రపంచ పట్టికలలో వారే ప్రచురణకర్తలుగా నిలుతురు.

సంఖ్య గ్రంథము మంచిదని చెప్పదు; రచనపై హక్కును ఇయ్యదు. ఆ హక్కు వ్రాసిన నాడే కలుగును. సంఖ్య చేయునది ఒక్కటే: రామతీర్థమున పుట్టిన పుస్తకమును మరియొక రామతీర్థునిగా పొరబడకుండ, కోరినవాని చేతికి చేర్చుట. ఐదువందల ప్రతులే గల పుస్తకమునకు అది చిన్న మేలు కాదు.