కోచ్ ఏ ఊరి బండి?

2024 ఏప్రిల్ 14న అమెరికాలోని లెక్సింగ్టన్ నగరంలో, ఇరవై వేల మంది పట్టే రప్ అరీనాలోకి ఒక బస్సు వచ్చి ఆగింది. కెంటకీ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకు ఒకప్పుడు ఆడినవాళ్ళు అందులోంచి దిగారు. 1996 నాటి జాతీయ ఛాంపియన్‌షిప్ ట్రోఫీ పట్టుకుని మార్క్ పోప్ దిగాడు. ఆ రోజు అక్కడ ఆట లేదు. కొత్త హెడ్ కోచ్‌ని జనానికి చూపించడమే కార్యక్రమం. దానికే అరీనా నిండిపోయింది. దూరప్రయాణం బస్సును కూడా ఇంగ్లీషులో కోచ్ అంటారు. అంటే కోచ్‌లోంచి కోచ్ దిగాడన్నమాట. ఏర్పాట్లు చేసినవాళ్ళకు ఈ శ్లేష తట్టిందో లేదో గాని, ఆ మాట కథ తెలిసినవాళ్ళకు మాత్రం నవ్వొస్తుంది.

హంగరీలో కోచ్ అని ఒక ఊరుంది. పదిహేనో శతాబ్దంలో అక్కడి వడ్రంగులు తేలికగా, కుదుపులు తక్కువగా ఉండే గుర్రపు బండ్లు చేసేవారు. ఆ బండిని 'కోచి' అన్నారు, కోచ్ ఊరిది అని. గద్వాల అంటే చాలు, మనకు చీర అని తెలియడం లేదూ, అలాగే. జర్మన్లు ఆ మాట తీసుకున్నారు, ఫ్రెంచివాళ్ళు తీసుకున్నారు, పదహారో శతాబ్దానికి ఇంగ్లీషువాళ్ళకు చేరింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు, పరీక్ష గట్టెక్కించే ట్యూటరుకు ఎగతాళిగా ఆ పేరు పెట్టారు. తాను చదవకపోయినా ఎక్కి కూర్చుంటే చాలు, బండి చేరుస్తుందని కాబోలు. 1860ల నాటికి పడవ పందేలకు కుర్రాళ్ళను తయారుచేసేవాడికి అదే పేరు పడింది. ఆటల్లోకి వచ్చింది అలా.

తెలుగులో ఈ మాట మూడు దశలూ ఇంకా బతికే ఉన్నాయి. రైల్వే ప్లాట్‌ఫారం మీద 'కోచ్ పొజిషన్' చూసుకుని పరిగెడతాం. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ కావాలని ఓరుగల్లు జనం దశాబ్దాలు అడిగారు. కోచింగ్ అంటే మన ఇళ్ళల్లో పరీక్షే: ఐఐటీ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, డీఎస్సీ కోచింగ్. ఆక్స్‌ఫర్డ్ వెటకారం మన దగ్గర నెలనెలా ఫీజు కట్టే సీరియస్ వ్యవహారమైంది. అయితే కోచింగ్ సెంటర్లో చెప్పే ఆయన్ని కోచ్ అనం, సార్ అంటాం. కోచ్ అన్న మాట ఆటలవాడికే మిగిలింది.

పైన 'గట్టెక్కించే' అన్నాను. అది అలవాటుగా వచ్చిన మాటే గాని, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఊహకు మనవైపు జోడు కూడా. వాళ్ళు రోడ్డు ప్రయాణం అనుకున్నారు, మనం ఏరు దాటడం అనుకున్నాం. పరీక్ష గట్టెక్కాడు, అప్పుల్లోంచి గట్టెక్కాడు, దరి చేరాడు. ఏరు దాటాలంటే రేవు కావాలి. సంస్కృతంలో రేవుకు తీర్థమని పేరు. అమరకోశం తీర్థ శబ్దానికి చెప్పిన అర్థాల్లో గురువు కూడా ఉన్నాడు. అందుకే ఒక గురువు దగ్గర చదువుకున్నవాళ్ళు సతీర్థ్యులు, ఒకే రేవులో దిగినవాళ్ళు. బండి ఎక్కితే కాళ్ళు తడవవు. రేవులో దిగాలి, నీళ్ళ లోతు కాళ్ళకు తెలియాలి. రెండు మాటల్లోనూ చేరడం ఉంది గాని, చేరేవాడి పాత్ర వేరు.

ఈ సతీర్థ్య శబ్దం అమెరికా కళాశాలల కోచ్ ఎంపికలకు సరిగ్గా అతుకుతుంది. బాస్కెట్‌బాల్‌ని 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టించిన జేమ్స్ నైస్మిత్, 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి జట్టుకు మొదటి కోచ్ అయ్యాడు. 55 గెలిచాడు, 60 ఓడాడు. కాన్సస్ కోచ్‌ల చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. ఈ ఆటకు కోచ్ అక్కర్లేదు, ఊరికే ఆడుకుంటే చాలని తన శిష్యుడు ఫాగ్ అలెన్‌తో అన్నాడని చెబుతారు. శిష్యుడు వినలేదు. కాన్సస్‌లో 39 సీజన్లు కోచ్‌గా ఉండి, కోచ్‌లకు జాతీయ సంఘం కూడా పెట్టించాడు. ఆ అలెన్ దగ్గర ఆడినవాడే డీన్ స్మిత్. 1961 నుంచి 1997 దాకా నార్త్ కరోలైనాలో 879 ఆటలు గెలిచాడు. స్మిత్ దిగిపోయాక 2021 దాకా ఆ విశ్వవిద్యాలయం వరుసగా ఎవరిని తీసుకుందో చూడండి. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన కూర్చున్న గుత్రిజ్, ఆయన జట్టులో ఆడిన డోహర్టీ, ఆయన సహాయకుడిగా పనిచేసిన రాయ్ విలియమ్స్, మళ్ళీ ఆయన దగ్గర ఆడిన హ్యూబర్ట్ డేవిస్. విలియమ్స్‌ని 2000లో పిలిస్తే రానన్నాడు, 2003లో వచ్చి మూడు జాతీయ టైటిళ్ళు తెచ్చాడు. అందరిదీ ఒకే రేవు. దీన్ని అమెరికావాళ్ళు కోచ్‌ల చెట్టు అంటారు, మనకు గురుపరంపర అని తయారుగా మాట ఉంది. కోచ్ అక్కర్లేదన్న పెద్దమనిషి ఆ పరంపరకు మూలపురుషుడు కావడం చోద్యమే.

మన పత్రికల్లో కోచ్‌కి మారుగా కనిపించే మాట శిక్షకుడు. హెడ్ కోచ్ అయితే ప్రధాన శిక్షకుడు. శిక్ష్ ధాతువు శక్ అనే ధాతువుకు ఇచ్ఛార్థక రూపం. శక్ అంటే చేయగలగడం, శిక్ష్ అంటే చేయగలగాలని కోరుకోవడం. నేర్చుకోవడమనే పనికి ఇంత అందమైన నిర్వచనం అరుదు. వేదాంగాల్లో మొదటిదాని పేరూ శిక్షే. తీరా తెలుగులోకి వచ్చేసరికి శిక్ష అంటే జైలు, జరిమానా. శిక్షణ అని ఒక ణ తగిలిస్తే గాని భయం పోదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో 1971 నుంచి 2000 దాకా కోచ్‌గా ఉన్న బాబ్ నైట్‌కి మాత్రం శిక్షకుడన్న మాట రెండర్థాలా చెల్లుతుంది. 1976లో అతని జట్టు సీజనంతా ఒక్క ఆటా ఓడకుండా టైటిల్ గెలిచింది. 1985లో పర్‌డ్యూతో ఆడుతుండగా కోపమొచ్చి కుర్చీ తీసి కోర్టులోకి విసిరాడు. మూడు టైటిళ్ళు తెచ్చినవాణ్ణి చివరికి ప్రవర్తన బాగాలేదనే తీసేశారు.

ప్రవర్తన మాట వస్తే ఆచార్యుడు గుర్తుకు రావాలి. ఆచారాన్ని పట్టుబడేలా చేసేవాడు, బుద్ధిని పోగుచేసేవాడు ఆచార్యుడని యాస్కుడు వివరించాడు. యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో 12 ఏళ్ళలో 10 టైటిళ్ళు గెలిచిన జాన్ వుడెన్ తనను ఉపాధ్యాయుడు అనుకున్నాడు, నిజంగానే ఒకప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాడు. కొత్త కుర్రాళ్ళకు అతని మొదటి పాఠం మేజోళ్ళు తొడుక్కోవడం. వేళ్ళ దగ్గర, మడమ దగ్గర చేత్తో రాసుకుంటూ ముడత లేకుండా లాగాలి. ముడత ఉంటే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆట పోతుంది. ఆచారం అంటే ఇదే కదా. ఇంతటివాడు 1948లో అక్కడికి చేరింది తుఫాను పుణ్యాన. అతని మనసు మినెసోటా విశ్వవిద్యాలయం మీద ఉంది. వాళ్ళ ఫోను అనుకున్న వేళకు రాలేదు, మంచు తుఫానుకు తీగలు తెగాయి. ఈలోగా యూసీఎల్ఏకి మాటిచ్చేశాడు. తర్వాత ఫోనొచ్చినా మాట తప్పలేదు. వుడెన్ 1975లో దిగిపోతే వచ్చిన జీన్ బార్టో రెండేళ్ళలో 52 గెలిచి 9 ఓడి, ఆ ఓడిన తొమ్మిదింటికి పడ్డ మాటలు తట్టుకోలేక వెళ్ళిపోయాడు.

ఆచార్యుణ్ణి ఎంపిక చేయడం మనకూ పాత సంగతే. ఆదిపర్వంలో రాకుమారుల బంతి బావిలో పడింది. ద్రోణుడు గడ్డిపరకలు మంత్రించి ఒకదాని వెనక ఒకటి గుచ్చి పైకి తీశాడు. పిల్లలు పోయి చెబితే భీష్ముడు ఆనవాలు పట్టి పిలిపించాడు. అప్పటికే కృపాచార్యుడు కొలువులో ఉన్నాడన్నది మరిచిపోకూడదు. ద్రోణుడు తన కోరిక తీర్చాలని శిష్యుల దగ్గర ముందే మాట తీసుకున్నాడు, అది ద్రుపదుడి మీద పగ అని తర్వాత బయటపడింది. 2007లో కెంటకీ తీసుకున్న బిల్లీ గిలిస్పీ రెండేళ్ళు పూర్తి ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. 2009లో తీసేశాక డబ్బు సంగతి కోర్టుకెక్కింది. ఈ విషయంలో ద్రోణుడు నయం.

రికార్డు చూసి తీసుకోవడమే పద్ధతైతే, 1980లో డ్యూక్ విశ్వవిద్యాలయం మైక్ షషెఫ్‌స్కీని తీసుకుని ఉండకూడదు. అంతకు ముందు సీజన్లో అతని ఆర్మీ (సైనిక అకాడమీ) జట్టు 9 గెలిచి 17 ఓడింది. డ్యూక్‌లో రెండో ఏడాది, మూడో ఏడాది కూడా ఓటములే ఎక్కువ. దాతలు తీసెయ్యమంటే అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ ఒప్పందం పొడిగించాడు. 2022లో దిగేనాటికి, ఆర్మీ రోజులతో కలిపి, 1,202 గెలుపులు, అయిదు టైటిళ్ళు. ఇంటిపేరు నోరు తిరగక లోకమంతా కోచ్ కె అంది. అక్కడ కోచ్ సంబోధన కూడా, మన మాస్టారు లాగా. పదవి దిగినా పోదు.

మళ్ళీ కెంటకీకి వస్తాను. 15 సీజన్లు అక్కడ కోచ్‌గా ఉన్న కాలిపారి 2024 మార్చిలో ఓక్లాండ్ అనే చిన్న విశ్వవిద్యాలయం చేతిలో ఓడి, ఏప్రిల్‌లో ఆర్కన్సాకు వెళ్ళిపోయాడు. కెంటకీ చూపు పడ్డ బేలర్ కోచ్ స్కాట్ డ్రూ, కనెక్టికట్ కోచ్ డాన్ హర్లీ ఉన్నచోటే ఉంటామన్నారు. పోప్ పేరు వినగానే అభిమానుల్లో చాలామంది పెదవి విరిచారు. కెంటకీ 1996 జట్టు కెప్టెన్లలో ఒకడు, వైద్య విద్య మధ్యలో వదిలేసి కోచింగ్‌లోకి వచ్చినవాడు, అప్పటికి హెడ్ కోచ్‌గా ఎన్‌సీఏఏ జాతీయ టోర్నీలో ఒక్క ఆటా గెలవనివాడు. బస్సు దిగేసరికి అవే నోళ్ళు జేజేలు కొట్టాయి. వెనక జట్టు మాత్రం లేదు. ఇప్పుడు ఆటగాళ్ళు ఏడాది తిరక్కుండానే విశ్వవిద్యాలయం మారవచ్చు, పేరు వాడుకున్నందుకు డబ్బూ తీసుకోవచ్చు. పాత కోచ్ వెళ్ళగానే పాత జట్టంతా దాదాపు ఖాళీ అయింది. మిగతా చోట్ల నుంచి ఏరుకొచ్చిన కుర్రాళ్ళతో పోప్ మొదటి ఏడాదే ఆ టోర్నీలో చివరి పదహారు జట్ల దాకా వెళ్ళాడు.

ఇలా చూస్తే కోచ్ అనే మాటలో మొదటి నుంచీ ఉన్న ఊహే ఆ ఉద్యోగానికి శాపం. చేరకపోతే తప్పు బండిదే, ఎక్కినవాళ్ళది కాదు. అందుకే ఓడిన జట్టులో ఆటగాళ్ళు ఉంటారు, కోచ్ పోతాడు. ప్రకటనలో ఆచార్యుడు కావాలని రాసి, బండికి ఇచ్చే గడువు ఇస్తారు.

నా మటుకు ఈ ఆటలో కోచ్‌కి సరిపోయే తెలుగు మాట సారథి. చిక్కేమిటంటే, దాన్ని మన ఆటల పేజీలు కెప్టెన్‌కి ఇచ్చేశాయి. క్రికెట్‌లో అది న్యాయమే. బౌలర్ని మార్చేది, ఫీల్డర్ని జరిపేది కెప్టెన్, కోచ్ పైన బాల్కనీలో ఉంటాడు. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు. ఆట సాగుతున్నంత సేపూ కోచ్ గీత పక్కనే నిలబడి అరుస్తుంటాడు. ఎవరు దిగాలో, ఎవరు కూర్చోవాలో అతనే చెబుతాడు. టైమౌట్ అనగానే కుర్చీల్లో కూలబడ్డ అయిదుగురి ముందు చిన్న స్టూలేసుకుని, తెల్ల పలక మీద మార్కరుతో బాణాలు గీస్తాడు. ఎక్కువ సేపు ఉండదు. బంతి మాత్రం ముట్టుకోకూడదు. ఆయుధం పట్టనని ఒప్పుకుని పగ్గాలు పట్టినవాడు మనకు తెలుసు. అర్జునుడు ఆయన్ని కోరుకున్నాడు, దుర్యోధనుడు సేనను తీసుకున్నాడు. డబ్బుతో ఏడాదికో కొత్త సేనను కొనగలిగిన విశ్వవిద్యాలయాలు ఈ బేరాన్ని ఇంకోసారి చదువుకోవాలి. తప్పు మనిషి దొరికితే ఏమవుతుందో చెప్పడానికీ మనకు నానుడి ఉంది, శల్య సారథ్యం. రథం మంచిదే, వీరుడు మంచివాడే, పగ్గాలు పట్టినవాడు మాటలతో ధైర్యం తీసేస్తాడు.

మన ప్రభుత్వ కళాశాలల్లో ఈ ఎంపిక గొడవే లేదు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి వస్తాడు, బదిలీ మీద వెళ్తాడు. కబడ్డీకీ, ఖోఖోకీ, బాస్కెట్‌బాల్‌కీ ఆయనొక్కడే. ఆయన్ని చూడటానికి అరీనాలు నిండవు, ఓడితే ఉద్యోగమూ పోదు.

ఆటల పేజీ రాసే మిత్రులకు ఒక విన్నపం. అమెరికా కళాశాల జట్టుకు కొత్త హెడ్ కోచ్ వచ్చాడన్న వార్త చేతికొస్తే 'ప్రధాన శిక్షకుడు' అని రాయకండి, కోచ్ అనే ఉంచండి. తెలుగు మాటే కావాలంటే సారథి అనండి. బాస్కెట్‌బాల్ కెప్టెన్‌కి నాయకుడు అన్న మాట చాలు.